బొమ్మరింటి గోడ వంగిపోతే...

ప్రశ్న: దసరా కొలువులో పెట్టడానికి 3 మి.మీ. ఎం.డి.ఎఫ్. పలకతో (చెక్క నారని జిగురుతో నొక్కి చేసే పలక) 1:12 స్కేల్లో, అంటే అసలు కొలతలో పన్నెండో వంతుకి, బొమ్మరిల్లు చేస్తున్నాం. ముందు గోడకి ఇటుకల ప్రింటున్న కాగితం ఫెవికాల్‌తో అంటిస్తే, తెల్లారేసరికి అంచులు బయటికి లేచి మధ్యలో లోపలికి పోయింది. పలక మార్చాలా?
— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మార్చక్కర్లేదు. తడికి సాగిన కాగితం ఆరేటప్పుడు బిగుసుకుంటూ పలకని తనవైపు లాగింది, అంతే. లోపలి వైపు కూడా అదే మందం కాగితం, అదే జిగురుతో అంటించి, బటర్ పేపర్ వేసి, రెండు చదును చెక్కల మధ్య బరువు కింద ఒక రోజు ఉంచండి. చాలావరకు సర్దుకుంటుంది. కోసిన అంచులు మాత్రం వదిలెయ్యకండి. చెన్నై చెమ్మకి ముందు ఉబ్బేవి అవే. ఎన్‌సీ శాండింగ్ సీలర్ (చెక్క రంధ్రాల్ని మూసే పూత) రెండు పూతలు వేసి, 220 నంబరు గరుకు కాగితంతో రుద్దండి.

అసలు ప్రింటు కాగితం కంటే గుడ్ల అట్ట ట్రేని ఇటుకల్లా ముక్కలు కోసి అంటించడం మేలు. ఆ గరుకుదనం ఏ ప్రింటుకీ రాదు. 9×3 అంగుళాల ఇటుక ముఖం ఈ స్కేల్లో 19×6 మి.మీ. అవుతుంది. మధ్యన 1 మి.మీ. సందు వదిలితే 10 సెం.మీ. చదరానికి సుమారు 70 ముక్కలు పడతాయి. గోడ మీద 7 మి.మీ.కి ఒక పెన్సిల్ గీత గీసుకుని కింది వరస నుంచి మొదలుపెట్టండి. పై వరస సగం ఇటుక జరగాలి. మూల దగ్గర ఒక వరసకి 19 మి.మీ. పొడుగు ముఖం, తర్వాతి వరసకి 9 మి.మీ. పొట్టి ముఖం రావాలి. ఇది తప్పితే ఎంత బాగా రంగేసినా అతికించిన గోడలాగే కనిపిస్తుంది.

రంగు ఆరాక మ్యాట్ వార్నిష్ రెండుసార్లు వేసి, అప్పుడే సందుల్లో పుట్టీ పెట్టండి. వార్నిష్ లేకపోతే అట్ట పుట్టీని పీల్చేసుకుని ఇటుకలన్నీ తెల్లగా మసకబారతాయి. పుట్టీ గట్టి పెరుగులా ఉండాలి. రెండు చుక్కల నల్ల స్టెయినర్ (పెయింటులో కలిపే చిక్కటి రంగు) కలిపితే సిమెంటు రంగొస్తుంది. పాత ఏటీఎం కార్డుతో నింపి, పది నిమిషాలయ్యాక బాగా పిండిన స్పాంజితో ఏటవాలుగా తుడవండి. సందు వెంబడి తుడిస్తే పుట్టీ ఊడొస్తుంది.

ప్రశ్న: 1:12 బొమ్మరింటి పైన మంగుళూరు పెంకులు వెయ్యాలంటే ఏ కొలత?
— ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: అసలు పెంకు 410×235 మి.మీ. కాబట్టి మీకు 34×20 మి.మీ. సరిపోతుంది. చూరు నుంచి పైకి పేరుస్తూ, ఒక్కో వరస కింది దాని మీద 7 మి.మీ. ఎక్కించండి. అన్నిటికీ ఒకే ఎరుపు వెయ్యకండి, పదింటికి రెండు మూడింట్లో కాస్త నలుపు కలపండి.