మీ కంప్యూటర్ - నా జవాబు: లినక్స్ ఇంట్లోవాళ్ళకు పనికొస్తుందా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటినుంచి గవర్నర్‌పేటలోని మా సర్వీసు షాపుకు వచ్చేవాళ్ళూ, ఈ శీర్షికకు రాసేవాళ్ళూ ఎక్కువగా ఒకే సంగతి అడుగుతున్నారు. అందుకే ఈసారి జవాబులన్నీ విండోస్‌కు బదులుగా ఉచితంగా వేసుకునే లినక్స్ గురించే.

ప్రశ్న: నేను తెలుగు ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను. మా అబ్బాయి ఇంట్లో వదిలి వెళ్ళిన ల్యాప్‌టాప్ ఉంది. 2016లో కొన్నది, 4 జీబీ ర్యామ్. దీనికి విండోస్ 11 ఎక్కదు, పాత సామాన్లకు వేసేయండి అంటున్నారు. మనవడేమో లినక్స్ వేయిద్దాం తాతయ్యా అంటాడు. నాకు కావలసింది తెలుగులో రాసుకోవడం, మెయిల్ చూసుకోవడం, పేపరు చదవడం, పిల్లలతో వీడియోలో మాట్లాడటం. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొడుతూ ఇంజినీర్లు వాడే సిస్టమ్ నావల్ల అవుతుందా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అవుతుంది మాస్టారూ. ల్యాప్‌టాప్ మాత్రం అమ్మకండి.

విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా 8వ తరమో ఆ తర్వాతిదో అయి ఉండాలి. 2016 నాటి మీ యంత్రం ఆ జాబితాలో లేదు, అంతే. దానికి వయసు మీరిపోలేదు. మీరు చెప్పిన పనులు చేయడానికి దానికి ఓపిక ఇంకా ఉంది.

నల్ల తెర సంగతి. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే మీరు ఇప్పటికే లినక్స్ వాడుతున్నారు. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నెలే, అంటే సిస్టమ్‌కు గుండెలాంటి ప్రధాన ప్రోగ్రామే, ఆండ్రాయిడ్‌కు పునాది. బీసెంట్ రోడ్డులో తోపుడుబండి మీద జామకాయలు అమ్మే ఆమె రోజంతా ఫోన్లో డబ్బులు పుచ్చుకుంటుంది. ఆమెకు ఎవరూ కమాండ్లు నేర్పలేదు. ఆమె కోసం కెర్నెల్ బలాన్ని తగ్గించిందీ లేదు. ఆమె వేలు ఎక్కడ పడుతుందో ముందే ఆలోచించి, మిగతా ఏర్పాటంతా ఎవరో చేసిపెట్టారు. ఇంట్లో కంప్యూటర్‌కు కావలసిందీ అదే. లినక్స్ కష్టం అనేవాళ్ళు చెప్పే కష్టంలో చాలాభాగం మొదటిరోజు ఏర్పాటుది. ఆ రోజు కుదురుగా గడిస్తే తర్వాత దాని పేరు కూడా మీకు గుర్తుండదు.

కాబట్టి ఆ రోజు ఏం చేయాలో వివరంగా రాస్తున్నాను. మీ మనవడికి ఈ పేజీ చూపించండి.

పాత ఫోటోలు, ఉత్తరాలు వేరే డిస్కులోకి ఎక్కించి, అవి అక్కడ తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. ఇది అయ్యేదాకా ఇంకే పనీ ముట్టుకోవద్దు. తర్వాత లినక్స్ రకాల్లో ఒకటైన మింట్‌ను, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే కూర్పును దించుకోవాలి. మింట్‌లో ఇదే తేలికైనది, 4 జీబీ ర్యామ్‌కు సరిపోతుంది. దాన్ని 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదకు, దాంతో కంప్యూటర్ మొదలయ్యేలా ఎక్కించాలి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే, లోపలి డిస్కును కదిలించకుండానే లినక్స్ తెర మీదకు వస్తుంది. ఇన్‌స్టాల్ నొక్కకుండా ఓ గంట దాంతో కూర్చోండి. వైఫై దొరుకుతోందా, పాట వినిపిస్తోందా, కెమెరాలో మీ ముఖం కనిపిస్తోందా, మూత వేసి తీస్తే మళ్ళీ మేలుకుంటోందా చూడండి. ఇవన్నీ సరిగా ఉంటేనే డిస్కు మీద వేయించండి. చేతిలో కొంత డబ్బుంటే పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (దానికంటే వేగంగా పనిచేసే డిస్కు) పెట్టించండి. మిగతా మార్పులన్నీ కలిపినా అంత తేడా రాదు.

ఇక మీకు అన్నిటికంటే ముఖ్యమైన తెలుగు. సెట్టింగ్స్‌లో కీబోర్డుకు వెళ్ళి, లేఅవుట్లలో తెలుగును జతచేయాలి. డబ్బు కట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. అందులో వచ్చేది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి: అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు. షిఫ్ట్ పట్టుకుని డీ నొక్కితే అ. సీ నొక్కితే మ. షిఫ్ట్ లేకుండా డీ నొక్కితే పొల్లు. మళ్ళీ సీ. తెర మీద ‘అమ్మ’ అని ఉంటుంది, మ కింద మ వత్తు దానంతటదే కూర్చుంటుంది. గుణింతాలు, వత్తులు జీవితమంతా పిల్లలకు నేర్పినవారు మీరు, ఈ అమరిక మీకు పట్టుబడటానికి ఎన్నాళ్ళో పట్టదు. ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి తెలుగు తెప్పించుకునే అలవాటుంటే ఐబస్ అనే కీబోర్డు ఏర్పాటులో ఆర్‌టీఎస్ పద్ధతి జతచేయించుకోండి, అదీ ఉంది.

చివరగా అక్షరాల సైజు పెంచించండి. డెస్క్‌టాప్ మీద పేపరు చదవడానికి ఫైర్‌ఫాక్స్, రాసుకోవడానికి లిబ్రేఆఫీస్ రైటర్, మెయిల్, ఫోటోల ఫోల్డర్, ఈ నాలుగూ చాలు. మిగతావన్నీ మెనూలోనే ఉంటాయి, ఎక్కడికీ పోవు. టైమ్‌షిఫ్ట్ అనే ఏర్పాటును ఆన్ చేయమని మనవడికి చెప్పండి. ఏదైనా అప్‌డేట్ బెడిసికొడితే సిస్టమ్‌ను నిన్నటి స్థితికి తెస్తుంది. మీరు రాసుకున్న ఫైళ్ళకు మాత్రం విడిగా కాపీ ఉండాలి, టైమ్‌షిఫ్ట్ పని అది కాదు.

ప్రశ్న: అన్నయ్యా, మా అమ్మాయి డిగ్రీ చదువుకోసం ఇంట్లో లినక్స్‌లో ఉబుంటు అనే రకం వేయించాం. బాగానే ఉంది. కానీ ఏం వేద్దామన్నా పాస్‌వర్డ్ అడుగుతుంది. మన ఇంట్లో మన కంప్యూటర్‌కు ఇన్నిసార్లు చెప్పుకోవాలా? దాన్ని తీసేసే మార్గం చెప్పండి.
- ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ పాస్‌వర్డ్ తీసేయకు చెల్లెమ్మా. అది ఎందుకుందో తెలిస్తే నువ్వే ఉంచుకుంటావు.

లినక్స్ నడిచే తీరుకు మూలం యూనిక్స్. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దాన్ని మొదలుపెట్టారు. అప్పట్లో కంప్యూటర్ అంటే ఒక పెద్ద యంత్రం, దాని మీద ఎందరో పనిచేసేవాళ్ళు. ఒకరి ఫైళ్ళు ఇంకొకరు చెరపకూడదు, మొత్తం యంత్రాన్ని ఎవరు పడితే వాళ్ళు ఆపేయకూడదు. అపార్ట్‌మెంట్‌లో ఎవరి ఫ్లాటు తాళం వాళ్ళ దగ్గరుండి, మోటారు గది తాళం మాత్రం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది చూడు, అలా. లినక్స్‌లో ఆ మోటారు గది తాళం ఉన్న ఖాతాను రూట్ అంటారు. పాస్‌వర్డ్ అడిగినప్పుడల్లా ఆ ఒక్క పనికోసం కాసేపు తాళం నీ చేతికి ఇచ్చి, మళ్ళీ తీసుకుంటుంది. నీ పేరు మీద నడిచే బ్రౌజర్‌లోకి ఏదైనా పాడు ప్రోగ్రామ్ దూరినా, ఆ తాళం లేకుండా సిస్టమ్ ఫైళ్ళ జోలికి పోలేదు. ఈ పద్ధతి యాభై ఏళ్ళు దాటి నిలబడిందంటే దాని విలువ అది.

విసుగు తగ్గించుకోవడానికి మార్గాలున్నాయి. కంప్యూటర్ ఆన్ చేయగానే అడిగే పాస్‌వర్డ్ వేరు. ఇల్లు నమ్మకమైనదైతే, యూజర్స్ సెట్టింగ్‌లో ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకుంటే అది అడగదు. ఆన్ చేస్తే నేరుగా తెర వస్తుంది. అమ్మాయికి విడిగా మామూలు ఖాతా ఒకటి తెరువు. తన పాటలు, ప్రాజెక్టులు తనవి, నీ ఫైళ్ళు నీవి.

ఒక్కటి గుర్తుపెట్టుకో. నువ్వే ఏదో ఇన్‌స్టాల్ నొక్కి ఉంటే పాస్‌వర్డ్ ఇవ్వు. నువ్వేమీ నొక్కకుండా పెట్టె దానంతటదే వస్తే క్యాన్సిల్ నొక్కు. ఎవరో వాట్సాప్‌లో పంపిన, సుడో (రూట్ అధికారంతో చేయి అని) అని మొదలయ్యే వరుసను అర్థం తెలియకుండా టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే తెరలో, అతికించకు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. కొత్తగా వచ్చినవాళ్ళు ‘ప్రింటర్ పనిచేయడం లేదు’ అంటే నాలుగు వరుసల కమాండ్ చేతిలో పెట్టి పంపేసే అనుభవజ్ఞులను చూస్తే నాకు కోపం వస్తుంది. సెట్టింగ్స్‌లో ఎక్కడ నొక్కాలో చెప్పగలిగినప్పుడు అదే చెప్పాలి. కమాండ్ తప్పనిసరైతే, అది ఏం చేస్తుందో ఒక వాక్యం చెప్పి మరీ ఇవ్వాలి.

ప్రశ్న: పెళ్ళి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్ మాది. పేజీలు కూర్చేది పేజ్‌మేకర్‌లో, తెలుగు అను ఫాంట్లతో. రెండు సిస్టమ్‌లూ పాతవే. లినక్స్‌కు మారిపోమంటారా?
- డీటీపీ ఆపరేటర్, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఆ పని చేసే సిస్టమ్‌ను మార్చవద్దండీ. పేజ్‌మేకర్ 7 విడుదలైంది 2001లో, దాని తర్వాత పెద్ద వెర్షన్ రాలేదు. అయినా మన ప్రెస్సుల్లో పని ఇప్పటికీ దాని మీద నడుస్తోంది. మీ పాత ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. పైగా అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతి) కావు. ఫైల్లో ఉన్నవి నిజానికి ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంకేతాలే, ఆ ఫాంటు ఉంటేనే తెలుగుగా కనిపిస్తాయి. లినక్స్‌లో వైన్ (విండోస్ ప్రోగ్రామ్‌లను నడిపించే ఏర్పాటు) సాయంతో పేజ్‌మేకర్ తెరుచుకున్నా, తెలుగు కొట్టించే ఏర్పాటంతా రోజూ నమ్మకంగా పనిచేస్తుందని మీ జీవనాధారాన్ని దాని మీద పెట్టించలేను.

ఒక సిస్టమ్‌ను విండోస్‌తోనే ఉంచి, ఇంటర్నెట్ వైరు తీసేసి పేజ్‌మేకర్‌కే వాడండి. రెండోదాంట్లో లినక్స్ వేయించి మెయిళ్ళు, వాట్సాప్ వెబ్, కస్టమర్లు పంపే ఫోటోలు అక్కడ చూసుకోండి. కొత్తగా యూనికోడ్‌లో అడిగేవాళ్ళకు స్క్రైబస్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రామ్ ప్రయత్నించండి. పాత 1.4 వెర్షన్‌లో తెలుగు వత్తులు కుదిరేవి కావు. 1.6లో సరిగా కూర్చుంటాయి. ఫాంట్లు లేవనుకోవద్దు. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన వాటిలో రామభద్ర శీర్షికలకు నిండుగా ఉంటుంది, మండలి చదవడానికి హాయిగా ఉంటుంది. రవిప్రకాష్‌ను శుభలేఖ మీద ఓసారి వేసి చూడండి.

ప్రశ్న: మాది మిర్చి కమీషన్ వ్యాపారం. లెక్కలు టాలీలో. గుమాస్తా సిస్టమ్‌కు లినక్స్ వేయవచ్చా?
- ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: వద్దండీ. టాలీప్రైమ్ విండోస్ కోసం చేసింది. సీజన్లో యార్డుకు బస్తాలు దిగుతున్నప్పుడు లెక్కల సిస్టమ్ మీద ప్రయోగాలు చేయకూడదు. మీరు చూసుకునే రెండో కంప్యూటర్‌కు నిక్షేపంగా వేయించుకోవచ్చు. డిజిటల్ సంతకం టోకెన్ ఉంటే దానికి లినక్స్ డ్రైవరు (దాన్ని నడిపించే చిన్న ప్రోగ్రామ్) ఉందో లేదో ఇచ్చినవాళ్ళను ముందే అడగండి. ప్రింటర్ కూడా చూసుకోండి. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి డ్రైవర్లు లినక్స్‌లో ముందే ఉంటాయి. మన షాపుల్లో ఎక్కువగా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900కు క్యాప్ట్ అనే డ్రైవరు విడిగా వేసి సరిచేయాలి, తెలిసినవాళ్ళే చేయాలి.

ప్రశ్న: సార్, బీటెక్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. లినక్స్‌లో ఇన్ని రకాలు ఎందుకు? ఫ్రెండ్స్ ఆర్చ్ వేయమంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి?
- విద్యార్థి, కానూరు, విజయవాడ

జవాబు: బాబూ, కెర్నెల్ ఒకటే. దాని చుట్టూ ఏవేం చేర్చాలి, తెర ఎలా ఉండాలి అన్న ఎంపికలు వేరవడం వల్ల ఇన్ని రకాలు వచ్చాయి. డెబియన్ అనే రకం 1993 నుంచి ఉంది. దాని మీదే 2004లో ఉబుంటు వచ్చింది, మామూలు మనుషుల కోసం అని చెప్పుకుని మరీ. సీడీలను ప్రపంచమంతా పోస్టులో ఉచితంగా పంపించింది. మన దేశంలో ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ అనే రకం కూడా డెబియన్ మీద కట్టినదే. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్ళుగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు.

ఉబుంటులో ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం మద్దతు ఉండే) వెర్షన్ వేసుకో. రెండేళ్ళకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, అయిదేళ్ళు అప్‌డేట్లు ఇస్తారు. ఆర్చ్ మంచిదే, ప్రతి ముక్కా నీ చేత్తో పేర్చుకోవాలి. సెమిస్టర్ పరీక్షలప్పుడు కాదు, సెలవుల్లో వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రామ్) వేసి నేర్చుకో.

నిన్ను నేను అడిగేది ఒకటుంది. లిబ్రేఆఫీస్‌లో, గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో తెలుగు మెనూలు కనిపిస్తున్నాయంటే, ఎవరో తెలుగువాళ్ళు ఖాళీ సమయంలో కూర్చుని ఒక్కో వాక్యం రాయడం వల్లే. నీకు తెలుగు వచ్చు, కంప్యూటరూ వచ్చు. మెనూలో తప్పుగానో కృతకంగానో ఉన్న మాట కనిపిస్తే వదిలేయకుండా సరిచేసి పంపించు. మీ అమ్మమ్మ చదివితే అర్థమవుతుందా అని చూసుకుని రాయి.

ప్రశ్న: మా తమ్ముడికి చూపు లేదు. డిగ్రీ చదువుతున్నాడు. విండోస్‌లో తెర మీది మాటలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ వాడతాడు. లినక్స్‌లో అలాంటిది ఉందా?
- ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఉందమ్మా, ఓర్కా అంటారు. ఉబుంటులో ముందే ఉంటుంది. విండోస్ గుర్తు ఉన్న కీ, ఆల్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కితే మాట్లాడటం మొదలుపెడుతుంది. ఈస్పీక్ గొంతులో తెలుగు కూడా చదువుతుంది. ఆ గొంతు యంత్రంలాగే ఉంటుంది, కానీ ఎన్‌వీడీఏలోనూ ఈస్పీక్ ఉంది కాబట్టి అతనికి కొత్త కాకపోవచ్చు. కీ కలయికలు మాత్రం చాలా వేరు. వేళ్ళకు అలవాటైనదాన్ని పరీక్షల ముందు మార్చడం మంచిది కాదు. సెలవుల్లో పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు నడిపి, ఓర్కాతో ఓ పాఠం విని, ఒక పేజీ టైప్ చేసి చూడమనండి. మారాలా వద్దా అన్నది అతన్నే తేల్చుకోనివ్వండి. వద్దంటే ఎన్‌వీడీఏతోనే ఉండనివ్వండి, అదీ ఉచితమే.