మిల్లు గుమస్తా గారి అమ్మాయి గాలి చట్టం చదువుతానంటే

ప్రశ్న: మాది మండపేట దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్లుగా ఉప్పుడు బియ్యం మిల్లులో గుమస్తాగా చేస్తున్నాను. మా అమ్మాయి ఈ ఏడు మంచి మార్కులతో ఇంటర్ బైపీసీ పాసయింది. నీట్‌లో మాత్రం సీటొచ్చే ర్యాంకు రాలేదు. వాళ్లమ్మ లాంగ్‌టర్మ్‌కి పంపుదామంటుంది, పిల్ల ఒప్పుకోవడం లేదు. మా అమ్మకి ఆయాసం. పొగ ఎక్కువైన రాత్రి పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చుంటుంది. అది చూస్తూ పెరిగినందుకో ఏమో, గాలి కాలుష్యం మీద చట్టాలున్నాయట, అవే చదువుతానంటుంది. ఆ చదువుకి మన రాష్ట్రంలో ఉద్యోగాలున్నాయా? ఇంకో మాట దాచకుండా రాస్తున్నాను. మా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది మిల్లు జీతంతో. మా యజమాని మీద కేసులు వేసే చదువు నేనే చదివించాలా?

జవాబు:

అన్నయ్య గారూ, మీరు చివర అడిగిన దానికే ముందు జవాబు చెబుతాను. మిగతావన్నీ దాని మీదే ఆధారపడ్డాయి.

మీ మిల్లు సీఎఫ్‌ఓ రెన్యువల్ కాగితాలు ఎప్పుడో ఒకప్పుడు మీ బల్ల మీదుగా వెళ్లే ఉంటాయి. గాలిని పాడుచేసే అవకాశం ఉన్న ఏ ఫ్యాక్టరీ అయినా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా పెట్టకూడదు, నడపకూడదు అని 1981లో వచ్చిన వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. కట్టే ముందు తీసుకునేది సీఎఫ్‌ఈ, నడపడానికి తీసుకునేది సీఎఫ్‌ఓ. అంటే మీ అమ్మాయి చదువుతానంటున్న చట్టం మీ ఆఫీసు బీరువాలో ఫైలు రూపంలో ఉంది. ఇన్నాళ్లూ మీరు దాన్ని మిల్లుకి కావలసిన కాగితంగా చూశారు, తను నాయనమ్మకి కావలసిన కాగితంగా చూస్తోంది. రెండూ నిజమే. ఆ కాగితంలో రాసిన షరతులు సరిగ్గా అమలైతే మిల్లూ నడుస్తుంది, మీ అమ్మగారికీ నిద్రపడుతుంది. పిల్ల ఈ చదువు చదివితే యజమానికి శత్రువవుతుందన్న భయం పెట్టుకోకండి. నోటీసొచ్చాక పరుగెత్తే మిల్లుకి, రాకముందే ఫలానా చోట లోపముందని చెప్పగలిగిన మనిషి ఎంత అవసరమో మీకంటే ఎవరికి తెలుసు?

నా చిన్నతనంలో మా అమ్మ వేసవిలో డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెట్టేది. మధ్యాహ్నానికి వాటి మీద నల్లటి నలుసులు వాలేవి. పక్క మిల్లు గొట్టంలోంచి వచ్చే ఊక బూడిద. వేలితో తుడిస్తే పోయేది కాదు, పచ్చి పిండిలో ఇంకా లోపలికి దిగేది. అమ్మ సగం వడియాలు పారేసేది. ఎవరికి చెప్పాలో మాకు తెలియదు. చెప్పొచ్చని కూడా తెలియదు. అందుకే మీ అమ్మాయి కోరిక మీద నాకు గౌరవం కలిగింది.

ఇక ఉద్యోగాల సంగతి. అది అర్థం కావాలంటే ఈ చట్టం ఎవరి చేతుల మీదుగా నడుస్తుందో తెలియాలి. చట్టం చేసింది పార్లమెంటే గాని, పని చేయాల్సింది రాష్ట్రం. కాలుష్య నియంత్రణ మండలిని వేసేది రాష్ట్ర ప్రభుత్వం. చట్టం కింద నిబంధనలు రాసుకునేదీ అదే. మన రాష్ట్రం 1982లో రాసుకుంది. ఫలానా ప్రాంతాన్ని వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించి, అక్కడ గాలిని పాడుచేసేవి తగలబెట్టకూడదని ఆపే అధికారం 19వ సెక్షన్ రాష్ట్రానికే ఇచ్చింది. దాళ్వా కోతలయ్యాక కోతమిషన్ వదిలేసిన గడ్డికి చేలో నిప్పు పెట్టడం మీరు చూస్తూనే ఉంటారు. దాని గురించి నిర్ణయం తీసుకోవాలంటే ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. ఢిల్లీ చుట్టుపక్కల గాలి కోసం 2021లో పార్లమెంటు విడిగా ఒక కమిషన్ చట్టమే చేసింది. మన డెల్టాకి అలాంటిదేమీ లేదు. మనకున్నది రాష్ట్ర మండలి, దాని ప్రాంతీయ కార్యాలయాలు, పంచాయతీలు. ప్రజారోగ్యం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోదే. గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1939లో చేసిన ప్రజారోగ్య చట్టం ఆంధ్ర ప్రాంతానికి అలాగే సంక్రమించింది. జనానికి ఇబ్బంది, అనారోగ్యం కలిగించే వాటిని తొలగించమనడానికి అందులో ఒక అధ్యాయమే ఉంది. స్వచ్ఛమైన గాలి జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టాలకి కొదవ లేదండీ. కొదవల్లా వాటిని పట్టుకుని పని చేయగలిగిన మనుషులకే.

ఆ పని ఎలా ఉంటుందో ఒకటి దగ్గర్నుంచి చూపిస్తాను. మీ అమ్మాయి చేత కూడా చదివించండి.

గాలిలో సన్నటి దుమ్ము ఎంతుందో కొలవడానికి రెస్పిరబుల్ డస్ట్ శాంప్లర్ అనే పెట్టె వాడతారు. అందులో తెల్లటి గ్లాస్ ఫైబర్ ఫిల్టర్ కాగితం పెడతారు, రమారమి నోటుబుక్కు పేజీ అంత. పెట్టే ముందు దాన్ని తేమ లేని చోట ఆరనిచ్చి, గ్రాములో పదివేల వంతు వరకు చూపే త్రాసు మీద తూస్తారు. మిషన్ నిమిషానికి సుమారు 1.1 ఘనపు మీటర్ల గాలి లాగుతుందనుకుందాం. 8 గంటల్లో 528 ఘనపు మీటర్లు. సాయంత్రానికి కాగితం బూడిద రంగుకి తిరుగుతుంది. మళ్లీ ఆరనిచ్చి తూస్తారు. బరువు 52.8 మిల్లీగ్రాములు పెరిగిందంటే ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు. పీఎం10కి, అంటే ఈ సన్నటి దుమ్ముకి, 24 గంటల సగటు మీద మన దేశం పెట్టుకున్న హద్దు సరిగ్గా అంతే. 52.8 మిల్లీగ్రాములంటే రెండు మూడు బియ్యపు గింజల బరువు! రోజూ బస్తాల లెక్క రాసే మీకు ఇది చాలా చిన్నదిగా కనిపించొచ్చు. గాలి బాగుందా లేదా అన్నది ఆ రెండు మూడు గింజల దగ్గరే తేలుతుంది. మన డెల్టా గాలిలో ఉండే తేమని సరిగ్గా ఆరనివ్వకుండా తూస్తే ఆ నీటి బరువు కూడా దుమ్ము లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకే ఈ పనికి ఓపికా, చేతి శుభ్రతా కావాలి. ఏడాది సగటు చెప్పాలంటే వారానికి రెండుసార్లు, 24 గంటల చొప్పున, కనీసం 104 కొలతలుండాలని 2009 ప్రమాణాలు చెబుతున్నాయి.

ఇది ఊరి గాలి. గొట్టంలోంచి తీసే నమూనాకి పద్ధతి ఇంకా కట్టుదిట్టం. 26వ సెక్షన్ ప్రకారం అధికారి ముందు యజమానికి నోటీసివ్వాలి. ఆయన ఎదుటో, ఆయన మనిషి ఎదుటో నమూనా తీయాలి. సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, ఆలస్యం లేకుండా ల్యాబ్‌కి పంపాలి. ఈ వరస తప్పితే ల్యాబ్ ఫలితం ఎంత దారుణంగా ఉన్నా కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఒక్కసారి ఆలోచించండి. అక్కడ అవసరం వచ్చేది ఆవేశంగా వాదించే గొంతు కాదు. నమూనా ఎలా తీశారో, సీలు ఎప్పుడు వేశారో అడగడం తెలిసిన మనిషి. మిల్లు తరఫున నిలబడ్డా, ఊరి తరఫున నిలబడ్డా అదే చదువు కావాలి.

అందుకే నా సలహా ఒకటే. ముందు సైన్సు, తర్వాత చట్టం. ఇంటర్ అవగానే ఐదేళ్ల లాలో చేరొచ్చు, తప్పులేదు. క్లాట్ రాసి విశాఖ దగ్గరున్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుంటే మంచిదే. కానీ మీ అమ్మాయికి బైపీసీలో వచ్చిన మార్కులు, నాయనమ్మ ఊపిరి చూసి పుట్టిన ప్రశ్న, రెండూ నాకు కెమిస్ట్రీ వైపే చూపిస్తున్నాయి. డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్ ఓఏఎండీసీలో కెమిస్ట్రీ మేజర్‌గా డిగ్రీకి అప్లై చేయించండి. మంచి ల్యాబ్ ఉన్న కాలేజీ చూడండి, పేరున్న కాలేజీ కోసం పాకులాడకండి. అడ్మిషన్‌కి ముందే వెళ్లి ల్యాబ్ తలుపు తెరిపించి చూడండి. త్రాసు మీద దుమ్ము పట్టి ఉంటే ఇంకో కాలేజీకి వెళ్లండి. డిగ్రీ అయ్యాక దారి రెండుగా చీలుతుంది. ఎమ్మెస్సీ చేస్తే ల్యాబ్ వైపు వెళ్తుంది. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేస్తే కోర్టు వైపు. అప్పటికి తనకి ఇరవై దాటుతాయి. తనే తేల్చుకుంటుంది.

మండలిలో ఉద్యోగాలు ఏపీపీఎస్సీ ద్వారా వస్తాయి. 2024లో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్, అనలిస్ట్ గ్రేడ్-2 పోస్టులకి నోటిఫికేషన్లు ఇచ్చారు. మొదటిదానికి ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి కాబట్టి బైపీసీ పిల్లకి అది వద్దనుకోండి. రెండోది ల్యాబ్ ఉద్యోగం, సైన్సు పీజీ చేసినవాళ్లది. కానీ ఈ నోటిఫికేషన్లు ఏటా రావు, పోస్టులు కూడా వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఒక్క సర్కారీ కొలువు కోసం పిల్లని ఆరేళ్లు ఇంట్లో కూర్చోబెడితే అది కూడా లాంగ్‌టర్మ్ లాంటిదే అవుతుంది. ల్యాబ్‌ల పనితీరు చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ప్రైవేటు ల్యాబ్‌లు, ఫ్యాక్టరీలకి పర్యావరణ అనుమతుల పని చేసే కన్సల్టెంట్లు, కాకినాడ వైపున్న ఎరువుల, నూనెల, రేవు సంస్థలు కూడా ఈ చదువు చదివినవాళ్లని తీసుకుంటాయి. మొదటి రెండేళ్లు జీతం తక్కువే ఉంటుంది, ముందే చెబుతున్నాను. 2025 ఆగస్టులో కేంద్రం పర్యావరణ ఆడిట్ నిబంధనలు తెచ్చింది. సొమ్ము లెక్కలకి చార్టర్డ్ అకౌంటెంట్ ఉన్నట్టే, ఫ్యాక్టరీల పర్యావరణ లెక్కలు చూడటానికి రిజిస్టరైన ఆడిటర్లు వస్తారు. మీ అమ్మాయి చదువు పూర్తయ్యే నాటికి ఆ పని కుదురుకుంటుందని నా అంచనా.

చట్టం కూడా మారింది. 2023 జన్ విశ్వాస్ చట్టంతో గాలి చట్టంలోని చాలా తప్పులకి జైలు శిక్ష తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టారు. 2024 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. జైలు తీసేయడం అన్ని సందర్భాల్లోనూ మంచిది కాదని నా అభిప్రాయం. డబ్బున్నవాడికి జరిమానా ఖర్చు పద్దులో ఇంకో అంకె మాత్రమే. అయితే జరిమానా వేసే అధికారి ముందుకు వెళ్లేది కాగితాలు, కొలతలు, రిపోర్టులు. అవి రాయగలిగినవాళ్ల అవసరం దీనివల్ల పెరిగింది. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ)కి వెళ్లాలి. మన రాష్ట్రానికి అది చెన్నైలో ఉంది.

లాంగ్‌టర్మ్ గురించి వదినగారికి నా మాటగా చెప్పండి. ఇష్టపడి వెళ్లే పిల్లకి అది ఒక ఏడాది. ఇష్టం లేకుండా వెళ్లే పిల్లకి ఆ ఏడాది ఎలా గడుస్తుందో హాస్టల్ గదుల్లో నేను చూశాను. పంపకండి. నాయనమ్మ లాంటివాళ్ల ఆరోగ్యం కోసం పని చేయాలంటే తెల్లకోటే వేసుకోవాలని లేదు. డిగ్రీ తర్వాత ప్రజారోగ్యంలో పీజీ ఉంది. ఊళ్లో ఏ వీధిలో ఎంతమందికి ఆయాసం వస్తోంది, ఏ నెలలో వస్తోంది అని లెక్కగట్టడం నేర్పే చదువది. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో గ్యాసు పైపు అంటుకుని మనుషులు కాలిపోయారు. ఆ మంటలు దేశమంతా చూసింది. మెల్లగా ఊపిరితిత్తుల్లో చేరే పొగని ఎవరూ చూడరు. అది కనబడాలంటే వీధి వీధికీ లెక్క రాసేవాళ్లుండాలి.

కాలేజీ తెరిచేలోగా తనతో ఒక పని చేయించండి. కేంద్ర మండలి వాళ్ల సమీర్ యాప్ ఫోన్‌లో వేయించండి. అందులో రాజమహేంద్రవరం ఆనం కళాకేంద్రం దగ్గరున్న గాలి కేంద్రం అంకెలు కనిపిస్తాయి. రాజమహేంద్రవరం, ఏలూరు రెండూ జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో చేర్చిన పట్టణాలే. రోజూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఆ అంకె నోటుబుక్కులో రాయమనండి. పక్క గడిలో నాయనమ్మ ఆ రాత్రి పడుకుందా, కూర్చుందా రాయమనండి. అక్కడి గాలి మీ ఊరి గాలి కాదు, అది నాకూ తెలుసు. అలవాటు కోసం చెబుతున్నాను. సంక్రాంతి దాకా రాస్తే సార్వా కోతలూ, భోగి మంటలూ అందులోకి వచ్చేస్తాయి. రెండు వారాలకే విసుగొచ్చి మానేస్తే ల్యాబ్ చదువు తనకి పడదని ఫీజు కట్టకముందే మీకు తెలిసిపోతుంది.

ఇంకొకటి మీరు చేయాలి. మీ యజమానితో ఉన్నది ఉన్నట్టు చెప్పి, సీఎఫ్‌ఓ జిరాక్సు ఒకటి ఇంటికి తీసుకెళ్లండి. గొట్టం ఎంత ఎత్తుండాలి, దుమ్ము ఎంతకి మించకూడదు, ఊక బూడిద ఎక్కడ వేయాలి అని అందులో షరతులుంటాయి. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ కూర్చుని ఒక్కో షరతూ చదవండి. పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నవారు మీరు, ఏ షరతు మిల్లులో ఎలా అమలవుతోందో దాచకుండా చెప్పండి. తను ఏ షరతు దగ్గర ఆగి మిమ్మల్ని ఏం అడిగిందో నాకు రాయండి. ఎమ్మెస్సీయా, ఎల్‌ఎల్‌బీయా అన్న మాట అప్పుడు మాట్లాడుకుందాం.