అవనిగడ్డ బస్సెక్కే ముందు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. స్కూల్లో టీచరు పని మానేస్తానన్నావట, సంక్రాంతి వెళ్ళగానే అవనిగడ్డలో సర్కారు టీచరు పోస్టుల పరీక్షకి, అదే డీఎస్సీకి, కోచింగులో చేరతానన్నావట. అది ఏడుస్తూ చెప్పింది, నేను నవ్వుతూ విన్నాను. మన ఇంట్లో ఆడపిల్ల తన మటుకు తాను పెట్టె సర్దుకుంటానంటే నాకు ఎందుకో ఛాతీ ఉప్పొంగుతుంది. కానీ ఆ పెట్టె ఎందుకు సర్దుతున్నావో మీ అమ్మ చెప్పాక మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు తప్ప వినవు. అందుకని రాస్తున్నాను.

చిన్నవి ముందు చెప్పేస్తాను. దోమతెర పట్టుకెళ్ళు. హాస్టల్ అడ్వాన్సుకి రశీదు అడుగు. మూడు నుంచి పదో తరగతి దాకా ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ముందు చదివి, కోచింగ్ వాళ్ళ మెటీరియల్ తర్వాత ముట్టుకో. నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆ స్కూలు వాళ్ళ బీరువాలో ఉంటే, మానేస్తున్నానన్న మాట నోట్లోంచి రాకముందే తెచ్చుకో.

టెట్, అదే ఆ టీచరు అర్హత పరీక్ష, మళ్ళీ రాయి. "పాసైపోయాను కదా, ఇంకెందుకు" అన్నావట. 150కి వచ్చిన ఆ మార్కుల్ని డీఎస్సీలో 20కి కుదించి కలుపుతారు. అక్కడ ఏడున్నర మార్కులు పెంచుకుంటే ఇక్కడ ఒక మార్కు. నువ్వు రాసే ఎస్జీటీ పేపర్లో, అదే చిన్న తరగతుల టీచరు పేపర్లో, ఒక మార్కంటే రెండు ప్రశ్నలు. మొన్నటి డీఎస్సీలో నీకు పోస్టు ఎంతలో పోయిందో నీకే తెలుసు, లెక్క నువ్వే వేసుకో.

ఇక అసలు సంగతి. సెప్టెంబరు 25న అమరావతి సభలో మెగా డీఎస్సీ వాళ్ళకి నియామక పత్రాలిచ్చారు కదా, మీ రూమ్మేటు ఆ కాగితం పట్టుకున్న ఫొటో స్టేటస్‌లో పెట్టిందట. అది చూసి నువ్వు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట. ఆ పిల్ల ఫోన్ చేస్తే ఎత్తలేదట. మూడో రోజున అవనిగడ్డ మాట ఎత్తావట. నాకు భయం వేసింది అక్కడే, బుజ్జీ. నువ్వు చదువుకోవడానికి వెళ్తున్నావా, ఆ ఫొటో కనబడని చోటికి వెళ్తున్నావా?

కోపం తెచ్చుకోకు. కాసేపు టీచరమ్మలా మాట్లాడతాను. ఆ అమ్మాయిది విజయనగరం, నీది శ్రీకాకుళం. 16,347 పోస్టులన్నారు గానీ అవన్నీ ఒక్క కుప్పగా పోసి పంచలేదు. జిల్లా వేరు, అందులో ఖాళీలు వేరు, రిజర్వేషన్ల రోస్టరు వేరు, మీ ఇద్దరి కేటగిరీ వేరు. పరీక్ష రాసిన పూట కూడా వేరే, అందుకే నార్మలైజేషన్ అని మార్కుల్ని మళ్ళీ సరిచేశారు. ఇన్ని తేడాలు పెట్టుకుని "దానికొచ్చింది, నాకు రాలేదు" అంటే ఆ వాక్యానికి అర్థం లేదు. పిల్లలు కిలోల్లోంచి లీటర్లు తీసేస్తే ఎర్ర సిరాతో సున్నా చుడతావు, నీ విషయంలో మాత్రం ఆ లెక్కే వేస్తున్నావు.

ముందు చేరినవాళ్ళు గట్టెక్కేశారనీ అనుకోకు. మా స్టాఫ్ రూములోకి వచ్చి చూడు. సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పొచ్చిన దగ్గర్నుంచి, తల నెరిసిన మాస్టార్లు కూడా శిశు వికాసం పుస్తకం తెరిచి పిల్లల బుద్ధి ఎదుగుదల గురించి పియాజె చెప్పిన దశలు బట్టీ పడుతున్నారు. రిటైరవడానికి ఇంకా ఐదేళ్ళకు మించి సర్వీసు మిగిలి ఉన్నవాళ్ళు రెండేళ్ళలో టెట్ పాసవ్వాలట. నిన్న ఒకాయన నన్ను అడిగారు, "మేడం, పూర్వ ప్రచాలక దశ ఎన్నేళ్ళ దాకా?" అని. ఆయన నాకంటే ఎప్పుడో ముందు చేరినవారు.

నేను ఎప్పుడు చేరానో నీకు తెలుసు కానీ, ఎలా ఎదురుచూశానో తెలియదు. నాది 1998 డీఎస్సీ. రాతపరీక్ష అయింది, ఇంటర్వ్యూ అయింది. అర్హత మార్కులు మధ్యలో మార్చడంతో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న గొడవ కోర్టుకెక్కింది. నేను క్వాలిఫై అయ్యాను, పోస్టింగు రాలేదు. అప్పటికి నువ్వు పుట్టలేదు. ఆ తర్వాత నువ్వు పుట్టావు, బడికెళ్ళావు, డైట్‌లో టీచరు ట్రైనింగు సీటు తెచ్చుకున్నావు, నా ఫైలు మాత్రం కదల్లేదు. 2022 జూన్‌లో ముఖ్యమంత్రి సంతకం పడింది. 2023లో నేను సుద్దముక్క పట్టుకుని సర్కారు బడిలో నిలబడ్డాను. మినిమం టైం స్కేలు, అంటే స్కేల్లో మొదటి మెట్టు జీతమే, అదీ కాంట్రాక్టు. ఇంక్రిమెంటు లేదు, పింఛను లేదు. మాతోపాటు క్వాలిఫై అయినవాళ్ళలో కొందరు ఆ రోజు చూడకుండానే పోయారు.

ఈ మధ్యలో జరిగినదొకటి మీ అమ్మకి కూడా చెప్పలేదు. నీకు చెబుతున్నాను, ఎందుకంటే నీలాగే నేనూ ఒక ఫొటో చూశాను. ఫొటో అంటే ఫొటో కాదులే, గృహప్రవేశం.

నాతో టీచరు ట్రైనింగు (టీటీసీ) చదివినావిడ అదే డీఎస్సీలో పై లిస్టులో ఉండి ఉద్యోగంలో చేరిపోయింది. కొన్నేళ్ళకి టెక్కలిలో ఇల్లు కట్టుకుని మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఆప్యాయంగానే పిలిచింది పాపం. నేను ఆ ఇంట్లో అన్నం తింటూ గచ్చు చూస్తున్నాను, కిటికీలు చూస్తున్నాను, దానికి ఈపాటికి ఎన్ని ఇంక్రిమెంట్లు పడి ఉంటాయో లెక్కపెడుతున్నాను. తిరిగి వస్తుంటే బస్సులో మీ పెదనాన్నతో ఒక్క మాటన్నాను. "నాకూ వచ్చుంటే మనమూ ఇలాగే ఉండేవాళ్ళం." అంతే. ఆ మనిషి ఏమీ అనలేదు. అనకుండా లోపల పెట్టుకున్నాడు.

నెల తిరక్కుండా ఒక పెద్దమనిషిని ఇంటికి తీసుకొచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. "హైదరాబాదు సెక్రటేరియట్‌లో మనవాళ్ళున్నారమ్మా, మీ లిస్టు కదిలించే పని జరుగుతోంది, ముందు డబ్బు కట్టినవాళ్ళ పేర్లు ముందు వెళ్తాయి" అన్నాడు. ఓ జిరాక్సు కాగితం చూపించాడు, అందులో నా పేరుంది, కింద గుండ్రటి స్టాంపుంది. నా పేరు అచ్చులో చూడగానే నాకు బుద్ధి పోయింది. మీ పెదనాన్న "నీ ఇష్టం" అన్నాడు. నేను వద్దనలేదు.

ఉద్దానంలో మా అమ్మ నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన జీడితోట ఉండేది చూడు, మీ అమ్మ వాటా పక్కనే. అది అమ్మేశాం. "అప్పులు తీర్చడానికి" అని మీ అమ్మకి చెప్పాం. ఇప్పటికీ అది అలాగే అనుకుంటోంది. ఆ పెద్దమనిషి మూడు నెలలు ఫోన్ ఎత్తాడు, తర్వాత ఆ నంబరే లేదంది. పోలీసులకి ఏమని చెబుతాం? లంచం ఇచ్చామని చెప్పాలి. నోరు మూసుకున్నాం.

డబ్బు పోవడం ఒక్కటే కాదే. ప్రతి ఎండాకాలం పలాస వెళ్ళే దారిలో బస్సు కిటికీలోంచి ఆ తోట కనిపించేది. జీడిపళ్ళు ఎర్రగా వేలాడుతుంటే ఆ కొన్నాయన మీద నాకు కోపం వచ్చేది. ఆయన చేసిన పాపమేమిటి? ధర ఇచ్చి కొనుక్కున్నాడు. 2018లో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు ఆ చెట్లూ వేళ్ళతో సహా పడిపోయాయి. నా కడుపుమంట చల్లారి ఉంటుందనుకుంటున్నావా? మా అమ్మ నీళ్ళు మోసి పెంచిన చెట్లవి. రోడ్డు మీద నిలబడి బావురుమన్నాను. ఆ కొన్నాయన దగ్గరికొచ్చి నన్నే ఓదార్చాడు.

మీ పెదనాన్న ఈ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. పండక్కి చీర కొనేటప్పుడు మాత్రం నా రెండో మాట వినకుండా ఖరీదైనదే తీసేవాడు. తప్పు తనదే అనుకునేవాడు. నాకు తెలుసు అది ఆ బస్సులో నేనన్న మాటని.

కాబట్టి ఇది నీకు సలహా కాదు, ఆజ్ఞ అనుకో: కోచింగ్ సెంటరు బయట టీకొట్టు దగ్గర ఎవడైనా సరే, "పోస్టు ఖాయం, మెరిట్ లిస్టులో పైకి తెస్తాం, కీ పేపరుంది" అని నీతో మాట కలిపితే అక్కడ నిలబడొద్దు. నీ నంబరివ్వొద్దు. పక్కవాళ్ళకి వచ్చేసిందని గుండె మండుతున్నవాళ్ళనే వాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. అలాంటి మొహం వాళ్ళు దూరం నుంచే పోల్చుకుంటారు, నాకు అనుభవం. ఏ ఫోన్ వచ్చినా ముందు నాకు చెయ్యి, అర్ధరాత్రైనా పరవాలేదు.

మీ అమ్మ "దేవుడు రాసిపెట్టినప్పుడే వస్తుంది, నువ్వెక్కడికీ వెళ్ళకు" అందట నీతో. అది దాని భయం మాట్లాడే మాట. నేను అలా అనను. 2022లో సంతకం పడ్డప్పుడు ఊరంతా "దేవుడి టైం వచ్చింది" అన్నారు. నేనూ కొబ్బరికాయ కొట్టాను. కానీ ఇరవై నాలుగేళ్ళు ఒక ఫైలు కదలకపోతే అది దేవుడి పని అనడానికి నాకు నోరు రాదు. అది మనుషులు చేసిన ఆలస్యం. అర్జీలు పెట్టాం, ధర్నాల్లో కూర్చున్నాం, కోర్టు ఖర్చులకి చందాలు వేసుకున్నాం. మేము ఊరుకుని ఉంటే ఆ కాగితం ఇప్పటికీ బూజు పట్టే ఉండేది. నీ ఆన్సర్ కీలో తప్పుంటే అభ్యంతరం పెట్టు. రోస్టరులో అన్యాయం జరిగితే అడుగు. దేవుణ్ణి నమ్మినవాళ్ళు నోరు మూసుకోవాలని ఎక్కడా లేదు.

మరి ఆయన మీద నమ్మకం ఎక్కడ పెట్టుకోవాలి అంటావు. నాకు తోచింది చెబుతాను. ఏటా కాకపోయినా వీలైనప్పుడల్లా నేను సింహాచలం వెళ్తాను, నీకు తెలుసుగా. అప్పన్న నిజరూపం కనిపించేది వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే. మిగతా ఏడాదంతా చందనంలోనే ఉంటాడు. ఆ ఒక్కరోజు క్యూలో తొక్కిసలాట, అరుపులు, నీళ్ళుండవు. నేను మాత్రం మామూలు రోజుల్లో వెళ్తాను. కప్పస్తంభం పట్టుకుని మొక్కుకుంటాను, ఎదురుగా ఆ చందనపు ముద్దకే దండం పెట్టి వస్తాను. ఆ చందనం కింద ఆయన లేడని నాకు ఎప్పుడూ అనిపించలేదు. పోస్టింగు రాని ఏళ్ళు కూడా నాకు అలాగే ఉన్నాయని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు అనిపించలేదులే, అబద్ధమెందుకు. ఆ ఏళ్ళలోనే ప్రైవేటు బడిలో చెప్పాను, సాయంత్రం అరుగు మీద ట్యూషన్లు చెప్పాను, నీకు ఎక్కాలు నేర్పింది అప్పుడే. పదమూడో ఎక్కం దగ్గర నువ్వు ఏడ్చి చాప కింద దూరావు. ఉద్యోగం లేదని నేను బాధపడుతున్న రోజులే అవి. వాటిని నా సర్వీసులో ఎవరూ కలపరు, నేను కలుపుకుంటున్నాను.

ఇప్పుడు నా మాట విను. అవనిగడ్డ వెళ్ళు, నేను అడ్డు చెప్పను, ఫీజులో సగం నేనిస్తాను. కానీ సంక్రాంతికి కాదు, బడి మూసేశాక వెళ్ళు. నీ మూడో తరగతి పిల్లలు ఏప్రిల్ దాకా నీవాళ్ళు. మధ్యలో వదిలేస్తే ఆ స్కూలు వాళ్ళు ఏ ఇంటర్ పాసైన పిల్లనో తెచ్చి నిలబెడతారు. ఈలోగా పొద్దున్నే లేచి రెండు గంటలు టెట్‌కి చదువు, ఆదివారాలు మాక్ టెస్టులు రాయి. ఈలోపు నోటిఫికేషన్ వచ్చేస్తే ఏమిటంటావా? వస్తే ఇంట్లోంచే రాస్తావు. మొన్నటి డీఎస్సీలో ఎస్జీటీకి 44 ఏళ్ళ దాకా వయసిచ్చారు, నీకింకా పాతిక నిండలేదు. నిన్నెవరూ తరమడం లేదు.

మీ రూమ్మేటుకి ఫోన్ చెయ్యి. నువ్వే చెయ్యి. అభినందనలు చెప్పి, ఏ పుస్తకాలు చదివిందో, ఏ యూనిట్లో తడబడిందో అడుగు. మొదటి రెండు నిమిషాలు గొంతు పట్టేస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. మా టెక్కలి ఆవిడతో నేను మళ్ళీ మాట్లాడటానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు రిటైరైంది, నా లెసన్ ప్లాన్లు అదే దిద్ది పెడుతోంది, ప్రతి దాంట్లోనూ రెండు తప్పులు పట్టుకుంటుంది.

వచ్చే ఆదివారం ఖాళీ చేసుకుని రా. నీ టెట్ మార్కుల కాగితం, డీఎస్సీ స్కోర్ కార్డు రెండూ పట్టుకురా, కూర్చుని చూద్దాం. జీడితోట సంగతి మీ అమ్మకి నువ్వు చెప్పకు. ఈసారి నేనే చెబుతాను.

మీ పెద్దమ్మ