ఆమె అడిగింది దేవుణ్ణి వదలమని కాదు

ప్రశ్న: పెళ్లయి పదకొండేళ్లు. ఉద్యోగం చేస్తూనే సంఘంలో యవ్వనస్థుల కూడికలు, గాయక బృందం, ఇంటింటి ప్రార్థనలు చూసుకుంటున్నాను. వారంలో ఐదు సాయంత్రాలు అక్కడే. నా భార్యా విశ్వాసే, పాపతో కలిసి ప్రతి ఆదివారం ఆరాధనకు వస్తుంది. మొన్న ‘నేను కావాలో ఆ పని కావాలో తేల్చుకోండి’ అంది. ‘నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము’ అని వచనం చెప్పి, దేవుణ్ణే ఎంచుకుంటానన్నాను. అప్పటి నుంచి మాటల్లేవు. నేను చేసింది తప్పా?

జవాబు: సహోదరా, ఆమె ‘ఆ పని’ అంది, మీరు ‘దేవుడు’ అన్నారు. ఆ రెండూ ఒకటేనని మీకు ఎప్పటి నుంచి అనిపిస్తోంది?

ప్రార్థన మానేయమనో, ఆరాధనకు వెళ్లొద్దనో ఆమె అని ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. తండ్రినైనా తల్లినైనా తనకంటే ఎక్కువగా ప్రేమించేవాడు తనకు పాత్రుడు కాడని ప్రభువే చెప్పాడు. ఆ మాటను నేను తేలిక చేయను. కానీ మీ ఇంట్లో ఆ పరిస్థితి లేదు.

మార్కు సువార్త 7వ అధ్యాయంలో కొర్బాను గురించి చదవండి. తల్లిదండ్రులకు అందవలసినదాన్ని ‘ఇది దేవార్పితం’ అనేసి చేతులు దులుపుకోవడాన్ని యేసు గట్టిగా ఖండించాడు. మీ సాయంత్రాల్లో కొన్ని మీ భార్యవి, కొన్ని మీ పాపవి. వాళ్లను అడక్కుండానే మీరు వాటిని అర్పించేశారు.

మీరు చెప్పిన వచనం ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ అన్న మాట. అందులో ‘నేను’ పక్కనే ‘నా యింటివారు’ ఉన్నారు. మరి మీ సేవలో వాళ్లేరీ? యెహోషువ గ్రంథంలో ఆ 24వ అధ్యాయాన్ని ఇంకాస్త ముందుకు చదవండి. షెకెము అనే చోట ప్రజలంతా ‘మేమూ సేవిస్తాం’ అంటే ఆయన సంతోషించి ఊరుకోలేదు. మీరు సేవించలేరన్నాడు. మీ మధ్య ఉన్న అన్యదేవతలను తొలగించమన్నాడు. సేవిస్తామని అంటున్నవాళ్ల దగ్గరే అవి ఉన్నాయి! ఎన్నిసార్లు చదివినా నేను అక్కడ ఆగిపోతాను.

మీ దగ్గర ఏముందో నేను చెప్పలేను. రేపు కాపరిగారు గాయక బృందాన్ని మరొకరికి అప్పగించారనుకోండి, వాళ్లు మీకంటే బాగా నడిపారనుకోండి. దేవుని పని చక్కగా సాగుతోందని మనసుకు హాయిగా ఉంటుందా, గుండెలో మంట రేగుతుందా? మంటే అయితే భయపడొద్దు, దాచుకోనూ వద్దు, ప్రార్థనలో ఆయన ముందు పెట్టండి. పరిచర్యలో ఉన్న చాలామందికి అది తెలిసిన మంటే. కూడికలో పదిమంది ‘వందనాలు బ్రదర్’ అంటూ ఎదురొస్తారు. ఇంట్లో అలా ఎవరూ అనరు కదా.

ఈ వారమే కాపరిగారితో మాట్లాడి ఆ మూడు బాధ్యతల్లో ఒకటి వదిలేయండి. ఏది మీకు ఎక్కువ మెప్పు తెస్తోందో దాన్నే. తర్వాత మీ భార్యకు క్షమాపణ చెప్పండి, వచనాలేవీ జోడించకుండా. ‘నువ్వడిగింది ఒకటి, నేను విన్నది ఇంకొకటి’ అంటే చాలు. ఆమె వెంటనే నమ్మకపోవచ్చు. పదకొండేళ్లలో ఇలాంటి మాటలు ఎన్ని విని ఉంటుందో! ఆమె నమ్మేదాకా మీరు ఓర్చుకోవాలి.

పాప నిద్రపోకముందే ఇల్లు చేరండి. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఏ పాట పాడాలో పాపనే చెప్పనివ్వండి.