ఆమె అకౌంట్‌లోనే గేమ్ ఆగుతోంది: సమాధానం

మీ అకౌంట్‌లో బాగా నడిచే గేమ్, అదే విండోస్ పీసీలో మీ ఆవిడ అకౌంట్‌లో ఆగి ఆగి వస్తోందంటే, తప్పు గ్రాఫిక్స్ కార్డుది కాదన్నా. మీరు లేచేటప్పుడు 'స్విచ్ యూజర్' కొడుతున్నట్టున్నారు. అలా చేస్తే మీ గేమ్ మూసుకోదు. వెనక నడుస్తూనే 16 జీబీ ర్యామ్‌లో, కార్డు మెమరీలో చోటు పట్టుకుని ఉంటుంది.

1. గేమ్, లాంచర్ (గేమ్‌ను తెరిచే యాప్) రెండూ మూసేయండి.
2. 'సైన్ అవుట్' కొట్టండి. అందరూ వదిలేసేది ఇదే. స్క్రీన్ లాక్ చేస్తే సరిపోదు.
3. మర్చిపోతే, ఆమె కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో 'యూజర్స్' తెరిచి, మీ పేరు మీద రైట్ క్లిక్ చేసి సైన్ అవుట్ చేయొచ్చు. సేవ్ చేయని ఆట పోతుంది, జాగ్రత్త. దీనికి ఆమెదీ అడ్మిన్ (పీసీ మీద పూర్తి అధికారం ఉన్న) అకౌంట్ కావాలి. పీసీ ఇద్దరిదీ కదా, ఇచ్చేయండి.

హనుమకొండ ఎండలకు వేడెక్కుతోందేమో అన్నారు. ఇది చూడకుండా కూలర్ కొనకండి.