ఇంటిపేరు అడిగావా?

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. జిల్లా డెస్కులో ఇంటర్న్‌గా చేరి పన్నెండు రోజులైనా ప్రెస్‌నోట్లు కుదించడం తప్ప వేరే పని ఇవ్వలేదని రాశావు. ఒక్క బైలైన్ కూడా లేకుండా, అంటే నీ పేరుతో ఒక్క వార్తా లేకుండా, కాలేజీకి వెళ్లి ఏం చూపించాలని నీ టెన్షన్. బైలైన్ సంగతి తర్వాత చూద్దాం. నేను పని నేర్చుకున్నది ఆ ప్రెస్‌నోట్ల దగ్గరే.

ఏదో హైస్కూల్ వార్షికోత్సవం అనుకో. నోట్ రెండు పేజీలు, పద్దెనిమిది పేర్లు, ‘ఘనంగా’ నాలుగుసార్లు. నీకిచ్చిన జాగా ఎనిమిది లైన్లు. కొత్తవాళ్లు ముఖ్య అతిథి ఉపన్యాసం ఉంచి పిల్లల పేర్లు కోసేస్తారు. నేనైతే ఉపన్యాసం కోసేస్తాను. ‘విద్యార్థులు క్రమశిక్షణతో మెలగాలని అన్నారు’ అన్న వాక్యం ఏ ఊరి వార్తకైనా అతుకుతుంది. కబడ్డీలో మొదటి బహుమతి తెచ్చుకున్న పిల్ల పేరు ఆ ఒక్క వార్తలోనే ఉంటుంది. ఆ కటింగ్ వాళ్లింట్లో దేవుడి పటం పక్కన పదేళ్లు ఉంటుంది.

ఈనాడు 1974 ఆగస్టు 10న మొదలైంది హైదరాబాద్‌లో కాదు, విశాఖలో. 1989లో జిల్లాకో టాబ్లాయిడ్, అంటే చిన్న సైజు అనుబంధం, తెచ్చింది. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. మంత్రో కలెక్టరో వస్తే తప్ప పేపర్లో కనపడని ఊళ్లలో బోరు ఎండినా వార్తయింది. దీనివల్ల నష్టమూ ఉందిలే: ఒక జిల్లా గోడు పక్క జిల్లాకు తెలియకుండా పోయింది. ఆ ఫిర్యాదు నాకు ఇప్పటికీ ఉంది. అయినా నువ్వు కూర్చున్న డెస్కుకు విలువ ఆ ఊరి పేర్లతోనే.

చేరిన మొదటి ఏడాదే నా చేతిలో ఒక బతికున్న మనిషి చనిపోయాడు. రాత్రి పదిన్నర, పేజీ వదలాల్సిన టైమ్. లారీ ప్రమాదం అంటూ ఆస్పత్రి నుంచి విలేకరి ఫోన్. ఒకరు మృతి, ఒకరికి కాలు విరిగింది. ఇద్దరి పేరూ వెంకటేశ్వర్లే, ఊరూ ఒకటే. ఇంటిపేర్లు అడిగాను. ఆయన సరిగ్గానే చెప్పాడు, నేను తారుమారుగా రాసుకున్నాను. తిరిగి చదివి వినిపించలేదు. తెల్లారేసరికి కాలు విరిగినాయన బావమరిది పక్క జిల్లా నుంచి దండ పట్టుకుని దిగాడు. మర్నాడు లోపలి పేజీలో మూడు లైన్ల సవరణ వేశాం.

రెండు నెలలకు ఆయనే చంకలో కర్రతో ఆఫీసుకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. “నన్ను చంపిన బాబు ఎవరో ఒకసారి చూసిపోదామని” అన్నాడు. టీ తాగి వెళ్లాడు. చనిపోయినాయన ఇంటివాళ్లు మాత్రం ఎప్పుడూ రాలేదు. వాళ్ల మనిషి పోయిన రోజు పేపర్లో వేరే ఇంటిపేరు ఉంది. నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది వాళ్లే.

అప్పటినుంచి ఫోన్లో పేరు తీసుకుంటే ఇంటిపేరు, వయసు, ఊరు అడిగి, రాసుకున్నది మళ్లీ చదివి వినిపించేవాణ్ని. అవతలివాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

పేర్లకు అంత బలం ఉందా అంటావేమో. తెలంగాణలో కవులు లేరన్న మాట వస్తే గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది కవులు! ఇక ఎదురు మాట్లాడేవాడెవడు?

పేరు రాయకూడని చోట మాత్రం అసలు రాయకు. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి పేరు వేయడం నేరం. పిల్లల కేసైతే 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఫొటో, ఇల్లు, బడి, కుటుంబం, చివరికి ఇరుగుపొరుగు వివరాలు కూడా బయటపెట్టకూడదు. పేరు దాచి, ‘ఫలానా వీధిలోని కిరాణా కొట్టు యజమాని కూతురు’ అని రాసిన కాపీలు నేను దిద్దాను. చిన్న ఊళ్లో అది పేరు వేసినట్టే. విలేకరి పంపాడు కదా అని వదిలేయకు, నువ్వు ఇంటర్న్‌వైనా సరే ఆపి న్యూస్ ఎడిటర్‌కు చూపించు. రాత్రి హడావిడిలో ఆయన కసురుతాడు, అయినా చదువుతాడు.

అన్నట్టు, నీ మొదటి ఐటెం, కాలనీ కుళాయి గురించి వచ్చిన ఆరు లైన్లు, కటింగ్ పంపు. వాట్సాప్‌లో ఫొటో వద్దు, కాగితమే పంపు. ఇంతకీ ఆ కుళాయికి నీళ్లొచ్చాయా? ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు.