మనోభావాలు దెబ్బతిన్నాయంటే పుస్తకాన్ని నిషేధించవచ్చా?

ఆ ఒక్క కారణంతో కుదరదు. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛకు 19(2)లో ఎనిమిదే కళ్లేలున్నాయి: దేశ సార్వభౌమత్వం-సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత-నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పడం. మనోభావాలన్న మాట ఇందులో ఎక్కడా లేదు. ఉన్నవాటి కింద పెట్టే ఆంక్షకైనా ఒక చట్టం ఆధారంగా ఉండాలి, అది సహేతుకంగానూ ఉండాలి.

ఎక్కువమంది పొరబడేది మతం దగ్గర. మత విశ్వాసాలను అవమానించడాన్ని నేరమనే 299వ సెక్షన్ (పాత ఐపీసీలో 295-ఎ) భారతీయ న్యాయ సంహితలో ఉంది, నిజమే. కానీ అక్కడ కూడా కావాలని, దురుద్దేశంతో అవమానించినట్టు తేలాలి. చదివినవాడికి కోపం రావడం చాలదు.

రాష్ట్ర ప్రభుత్వం పుస్తకాన్ని జప్తు చేయాలంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 98వ సెక్షన్ కింద, ఎందుకో కారణాలు రాసి నోటిఫికేషన్ ఇవ్వాలి. రచయితే కాదు, ఆ పుస్తకంతో సంబంధమున్న ఎవరైనా రెండు నెలల్లోగా హైకోర్టుకు వెళ్లవచ్చు. మామూలుగా ముగ్గురు లేదా అంతకుమించిన న్యాయమూర్తుల ప్రత్యేక ధర్మాసనం వింటుంది.

తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ నవల 'మాదొరుభాగన్' సంగతి చూడండి. 2014 చివర్లో గొడవ రేగితే, 2015 జనవరిలో అధికారులు శాంతి చర్చలని పిలిచి ఆయన చేత క్షమాపణ పత్రంపై సంతకం పెట్టించారు. పంచాయితీ తీర్పన్నమాట. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు ఆ ఒప్పందానికి కట్టుబడనక్కర్లేదంది. నచ్చనివాళ్లు చదవడం మానుకోవచ్చంటూ నిషేధానికి ఒప్పుకోలేదు.